ఏడు కృతజ్ఞతలు, ఒక ఖాళీ గడి

ఫుకువోకా, మార్చి 2

గౌరవనీయులైన సెక్షన్ హెడ్ కురామొచి గారికి,

ఇక్కడ ప్లమ్ పూలు రాలిపోతున్నాయి. అక్కడ యొకొతెలో మీరింకా గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తూ ఉంటారు. రుతువు గురించి రాయాల్సింది రాసేశాను, ఇక పనిలోకి వస్తాను.

మన ముల్లంగి ఊరగాయల కంపెనీలో మూడేళ్ళు కూర్చుని నేను కంప్యూటర్‌లో తయారుచేసిన వర్క్‌ఫ్లోని వెళ్ళేముందు మీ ఆరుగురితో షేర్ చేశాను. ఆర్డర్ రాగానే కృతజ్ఞతల మెయిల్ దానంతటదే పోతుంది. గోదాములో చీటీ దానంతటదే ప్రింటవుతుంది. కాగితాలకి ఆమోదాలు కూడా అదే అడిగి తెస్తుంది. మీరు చెయ్యాల్సిందల్లా దాన్ని ముట్టుకోకుండా టీ తాగడం. ఆ రెండో పనిలో మీకు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది.

నాకు కావలసింది ఒక్కటే. "అప్పగింత పూర్తి" కాగితం మీద అందరి పేరు ముద్రలూ వేసి పంపండి. ఏప్రిల్ ఒకటిన అది చేతిలో లేకపోతే ఇక్కడి కొత్త కంపెనీ నా కుర్చీ తర్వాతి మనిషికి ఇచ్చేస్తుంది. ఆ తర్వాతి మనిషిని చూశాను, వరండాలోనే కూర్చుని ఉన్నాడు.

ఇట్లు,
ఇషిగామి కొహారు

తా.క. నా పాత ఆఫీసు మెయిల్‌కి ఏమీ రాయకండి, ఉత్తరమే రాయండి. అక్కడికి ఏం వచ్చినా "మనశ్శాంతి" అనే ఫోల్డర్‌లోకి దానంతటదే పోయేట్టు పెట్టాను. చచ్చేదాకా అది తెరవను.

---

యొకొతె, మార్చి 7

ఇషిగామి గారికి,

మంచు కరుగుదామా వద్దా అని ఇంటి కొప్పు మీద కూర్చుని ఆలోచిస్తున్న ఈ రోజుల్లో మీరు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరమే రాయమన్నందుకు ధన్యవాదాలు. తెర మీద కనిపించేదాన్ని నేను ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు.

మీ వర్క్‌ఫ్లో ఆరుగురికీ అందింది. అయితే అది మీరు కష్టపడి చేసుకున్న వస్తువు. మీరు లేనప్పుడు మీ సొరుగులో చెయ్యి పెట్టినట్టు దాన్ని వాడటం మాకెవరికీ సబబుగా అనిపించలేదు. అందుకని మర్యాదగా తలా ఒక కాపీ చేసుకుని, మీది మీకే వదిలేసి, ఎవరిది వాళ్ళు నడుపుకుంటున్నాము.

అన్నీ చక్కగా నడుస్తున్నాయి. ఒక్క చిన్న సంగతి. మొరియోకాలో ఉబుకతా ఫుసా గారని, పోస్టాఫీసులో చేసి రిటైరైన ఆవిడ, ఒక ముల్లంగి ఆర్డర్ చేశారు. ఆవిడకి ఏడు కృతజ్ఞతలు వెళ్ళాయి. ఇంత గౌరవం తన జన్మలో ఎవరూ చేయలేదని ఆవిడ ఏడింటికీ విడివిడిగా జవాబు రాశారు. ఆ జవాబులకి మీ వర్క్‌ఫ్లో, మా వర్క్‌ఫ్లోలు మళ్ళీ కృతజ్ఞతలు చెప్పాయి. ఇంత వినయం మీరు దానికి ఎలా నేర్పారు?

ఇట్లు,
కురామొచి

తా.క. గోదాములో ఏడు చీటీలు ప్రింటయ్యాయి కాబట్టి ఆవిడకి ఏడు ముల్లంగులు వెళ్ళాయి. వెనక్కి అడగడం బాగుండదు.

---

ఫుకువోకా, మార్చి 11

కురామొచి గారికి,

ఇక్కడ రుతువు బాగానే ఉంది. నేను బాగాలేను.

కాపీలెందుకు చేశారండీ! షేర్ చెయ్యడమంటేనే అందరూ ఒక్కదాన్నే వాడండని. వంటింట్లో ఒక్క గంజి కుండ ఉంటే ఆరుగురూ గరిటె పెట్టి వడ్డించుకుంటారు గానీ, తలా ఒక పొయ్యి వెలిగిస్తారా? ఆరు కాపీలూ తీసెయ్యండి. నాది ఒక్కటే ఉంచండి. అంతే. పదినిమిషాల పని. లెక్కల విభాగం నుకుయి అక్కకి చెబితే ఐదు నిమిషాల్లో చేస్తుంది, మిగతా ఐదు నిమిషాలు మిమ్మల్ని తిడుతుంది.

ఇంతకీ నా కాగితం సంగతి ఒక్క ముక్క రాయలేదు. ముద్రలు పడ్డాయా లేదా? ఆ ముద్రని ఎర్ర సిరాలో అద్దడానికి ఒక మనిషికి ఎంత బలం కావాలి?

ఇట్లు,
కొహారు

తా.క. వరండాలో మనిషి ఇవాళ టేప్ తెచ్చుకుని నా టేబుల్ కొలిచాడు.

---

యొకొతె, మార్చి 17

ఇషిగామి గారికి,

చూరు నుంచి మంచునీళ్ళు మెడలో పడి మనిషిని మేలుకొలిపే కాలం వచ్చింది.

మీ సూచన మీద మీటింగు పెట్టాము. ఎవరి కాపీ వాళ్ళు తీసేసుకోవచ్చు కదా అని నుకుయి గారు అన్నారు. అయితే మొదట ఎవరు తీసేస్తారన్నది తేలలేదు. నేను ముందు తీసేస్తే మిగతావాళ్ళని కూడా తీసెయ్యమని పై అధికారి ఒత్తిడి చేసినట్టవుతుంది. చిన్నవాళ్ళు ముందు తీసేస్తే నా కాపీ తప్పని వేలెత్తి చూపినట్టవుతుంది. చివరికి మీతో కలిపి ఏడుగురి అంగీకారం అడిగే కొత్త వర్క్‌ఫ్లో ఒకటి నుకుయి గారు తయారుచేశారు. ఎవరి వస్తువని వాళ్ళు ముట్టుకోకుండా, దాన్ని కూడా అందరూ కాపీ చేసుకున్నారు.

ఉబుకతా గారు అందిన ఏడు ముల్లంగులకి బదులుగా ఏడు పెట్టెల ఎండు పెర్సిమన్ పళ్ళు పంపారు. బదులుకి బదులు పంపకపోతే కంపెనీకి తలవంపులు. మేం పంపాము. పంపగానే కృతజ్ఞతలు వెళ్ళాయి. ఆవిడ ఇంటి ముందుకి పార్శిల్ బండి రోజుకి రెండుసార్లు వెళ్తోందట. పక్కింటివాళ్ళు ఆవిడ ఊరగాయల కొట్టు పెట్టిందనుకుని ధర అడుగుతున్నారట.

ఇట్లు,
కురామొచి

తా.క. మీ కాగితం గురించి అడిగారు. అది ఎవరి దగ్గర ఉందో మీకు తెలియకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఎత్తి చూపడం బాగుండదని ఊరుకున్నాను.

---

ఫుకువోకా, మార్చి 22

కురామొచి గారికి,

రుతువు లేదు, గితువు లేదు.

ఎవరి దగ్గర ఉందో నాకెలా తెలుస్తుంది? వెయ్యి కిలోమీటర్ల అవతల కూర్చుని మీ సొరుగులు వాసన చూడనా? నాకు అర్థమైపోయింది. నేను వెళ్ళిపోయానని మీకు కోపం. ఎదురుగా అనలేరు, అందుకని కాగితం మీద కూర్చున్నారు. మీ మర్యాద అంతా ఒక పెద్ద మెత్తటి దిండు. దాన్ని మొహం మీద పెట్టి నొక్కుతున్నారు. ప్రెసిడెంటు గారైతే నా వీడ్కోలు పార్టీలో కూడా నన్ను "ఆ కంప్యూటర్ పిల్ల" అన్నారు. ఆయన ముద్ర దగ్గరే ఆగి ఉంటుంది, నాకు తెలుసు.

ఇంకా తొమ్మిది రోజులు. మూడేళ్ళు మీ అందరి పనీ తేలిక చేశాను. నా పని ఒక్కటి తేలిక చెయ్యలేరా? కాగితం ఎక్కడ ఆగిందో, ఎవరు ఆపారో, పేరు పెట్టి రాయండి. ఏమీ అనుకోను. అనుకున్నా మీకు వినిపించదు.

కొహారు

తా.క. కోపంలో రాశాను. కానీ తిరిగి చదివాను, ఒక్క ముక్క కూడా కొట్టెయ్యబుద్ధి కాలేదు.

---

యొకొతె, మార్చి 27

ఇషిగామి గారికి,

నిన్న మొదటి పిచ్చుక వచ్చి మంచు మీద వాలి, పొరపాటైనట్టు ఎగిరిపోయింది.

పేరు పెట్టి రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. కాగితాన్ని ఆపినవారు ఇషిగామి కొహారు గారు.

మీరు వెళ్ళిన మర్నాటి ఉదయమే మేమంతా ముద్రలు వేశాము. ముప్ఫై ఏళ్ళలో నేను వేసిన ముద్రల్లో అంత శుభ్రంగా పడింది లేదు. అయితే మూడేళ్ళ క్రితం మీరే పెట్టిన షరతు ఒకటుంది. వర్క్‌ఫ్లో యజమాని చివరగా చూసి ఆమోదించనిదే ఏ కాగితమూ బయటికి పోదు. మీరు మాతో షేర్ చేశారు గానీ యజమాని పేరు మార్చలేదు. అప్పగించలేదు. స్కాన్ అయిన కాగితం మీ పాత మెయిల్‌లో మీ ఆమోదం కోసం కూర్చుని ఉంది. రోజూ ఉదయం తొమ్మిదింటికి మీ పేరు మీద మీకే గుర్తుచేస్తోంది. మీరు దాన్ని మనశ్శాంతిలో పెట్టారు.

మన పద్ధతి మీకు తెలుసు. పై వాళ్ళ గడి వైపు కొంచెం వంచి, తల వంచినట్టుగా ముద్ర వేస్తాము. ఈ కాగితం మీద చివరి గడి మీది. అందుకని ఆరుగురమూ మీ ఖాళీ గడి వైపే వంచాము. ప్రెసిడెంటు గారి ముద్ర ఎవరి వైపూ వంగగా నేను ఇంతవరకూ చూడలేదు. ఆయన దాన్ని రెండుసార్లు సాధన చేశారు.

ఇంకో సంగతి. సోమవారం ఉబుకతా గారు రైలెక్కి నేరుగా ఆఫీసుకి వచ్చేశారు. "ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు, ఏదీ ఆ మిషను?" అన్నారు. నా కుర్చీలో కూర్చుని ఆరు కాపీలూ తీసి పారేశారు. ఆవిడ మాలో మనిషి కాదు కాబట్టి ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. అందరం నిలబడి కృతజ్ఞతలు చెప్పాము, నోటితోనే. ఆవిడ ఏప్రిల్ ఒకటి నుంచి మీ కుర్చీలో చేరుతున్నారు. దయచేసి యజమాని పేరు ఆవిడ పేరుకి మార్చండి.

ఇట్లు,
కురామొచి

తా.క. మీ మీద నాకు కోపం లేదు. మీరు వెళ్ళాక టీ రుచి తగ్గింది. దానికి వర్క్‌ఫ్లో ఏదీ దొరకలేదు.

---

ఫుకువోకా, మార్చి 30

గౌరవనీయులైన కురామొచి గారికి,

ఇక్కడ చెర్రీలు విచ్చాయి. ఈ వాక్యం ఈసారి మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

మనశ్శాంతి తెరిచాను. నన్ను నేను ఇరవైతొమ్మిది సార్లు బతిమాలుకుని ఉన్నాను, రోజురోజుకీ మరింత వినయంగా. కాగితం చూశాను. ఆరు ఎర్ర ముద్రలు తల వంచుకుని నా ఖాళీ గడి వైపు చూస్తున్నాయి. ప్రెసిడెంటు గారిది కాస్త ఎక్కువే వంగింది, నడుం పట్టేసినట్టుంది. దాన్ని ప్రింట్ తీశాను. తర్వాత నా ముద్ర వేశాను. నా పక్కన ఇంక గడి లేదు గానీ, మీ గడి వైపు వంచే వేశాను.

యజమాని పేరు ఉబుకతా గారిది చేశాను. కొత్త కంపెనీకి కాగితం చేరింది. వరండాలో మనిషి టేప్ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

దిండు గురించి రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

ఇట్లు,
ఇషిగామి కొహారు

తా.క. ఆమోదం నొక్కిన మరుక్షణం నాకొక కృతజ్ఞతల మెయిల్ వచ్చింది. చాలా అందంగా ఉంది, మూడేళ్ళ క్రితం నేనే రాసింది, సంతకం కూడా నాదే. ఏం చెయ్యను, ఊరుకుంటే బాగుండదని జవాబు రాశాను.