వీరమ్మ పాలు

శుక్రవారం, జూలై 1974

ఇవాళ కృష్ణలంకలో పసిపిల్లలకి వాంతులు, విరేచనాలని కబురొస్తే మున్సిపాలిటీ తరఫున పాలు పరీక్ష చెయ్యడానికి వెళ్ళాను. ఆ పిల్లలందరికీ పాలు పోసేది వీరమ్మే. లాక్టోమీటరు వెయ్యగానే నీళ్ళు కలిశాయని తెలిసిపోయింది. కోప్పడ్డాను.

"గేదె వట్టిపోతోందండీ. ఏ పిల్లా పస్తుండకూడదని కాస్త కాలవ నీళ్ళు కలిపాను. కృష్ణమ్మ నీళ్ళకి దోషమేముందండీ?" అంది.

"ఆ కాలవలో మురుగు కలుస్తోందమ్మా!"

నవ్వింది. "మా మనవరాలికీ ఇవే పడుతున్నానండీ. రండి, చూద్దురుగాని."

ఉయ్యాల్లో పిల్ల కళ్ళు లోతుకి పోయాయి. పెదాలు ఎండిపోయాయి.

"బుద్ధిమంతురాలండీ, పొద్దుట్నించీ ఏడవనే లేదు" అంటోంది వీరమ్మ.

పిల్లని ఎత్తుకుని, వీరమ్మని వెంటబెట్టుకుని రిక్షా ఎక్కాను.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారు. తెల్లారితేగాని ఏమీ చెప్పలేమన్నారు డాక్టరుగారు. నీళ్ళు కలిపేవాళ్ళంతా దొంగలే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ...

నేను వచ్చేసేటప్పుడు వీరమ్మ ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి, వాళ్ళ పేటకి వెళ్ళే ప్రతి రిక్షానీ ఆపుతోంది.

"వీరమ్మ పాలు పిల్లలకి పట్టొద్దని చెప్పు నాయనా, ఇంటింటికీ చెప్పు."