సామేలు గారి వాల్వు డబ్బా

ఖఫ్జీ, సౌదీ,
శుక్రవారం.

అన్నకు, వదినకు తమ్ముడు రాజేశం దండాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి సరిగా పోతున్నారా?

ఈ వారమంతా సముద్రం వైపు నుంచి ఉక్క గాలి వస్తోంది. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. చొక్కా వేసుకోగానే తడిసిపోతోంది. క్యాంపులో ఏసీలు ఒకదాని తర్వాత ఒకటి గడ్డకట్టి ఆగిపోతున్నాయి. నిన్నంతా వాటిని విప్పి కడగడమే పని. ఇవాళ సెలవు. బట్టలు ఉతుక్కుని, పప్పు వండుకుని, ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మొన్న ఫోన్‌లో నా వాల్వు డబ్బా ఎట్లా పాడుతోందని అడిగావు. నేను చెప్పేలోపే కార్డు అయిపోయింది. అయినా అది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు.

దాన్ని చేసింది సామేలు గారు. గుంటూరు వైపు మనిషి. ఊళ్ళో ఉన్నప్పుడు రేడియోలు బాగుచేసేవారు. ఇక్కడ చాలా ఏళ్ళుగా కంప్రెసర్ల మీద ఆపరేటరు. భార్య జెద్దాలో నర్సు. పాత మిషన్‌లోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మరు, ఏసీ గొట్టం రేకు నేను తెచ్చిస్తే, పోయిన చలికాలం నాకోసం ప్రీయాంప్లిఫైర్ కట్టి ఇచ్చారు. టేపురికార్డరుకూ పెద్ద యాంప్లిఫైర్‌కూ మధ్యలో పెట్టుకునేది. నీ మైక్‌సెట్ దుకాణంలో ఆ పాత వాల్వు మిషన్ వేడెక్కాక పాట ఎంత మెత్తగా వచ్చేదో, దీంట్లోనూ అట్లాగే వచ్చేది. వెనక కొంచెం గుర్రుమనేది, అంతే.

ఆ గుర్రు తీసేసి, కొత్త వాల్వులు వేసి ఇంకా బాగా చేస్తానన్నారు. వాల్వులు వాళ్ళావిడ పంపారు. రష్యా వైపు నుంచి హజ్‌కు వచ్చేవాళ్ళు దారి ఖర్చులకు ఏవో సామాన్లు తెచ్చి వీధిలో అమ్ముతారట. వాటిలో దొరికితే, ఆసుపత్రి దూదిలో చుట్టి పంపారు.

వేశాక గుర్రు పోయింది. కానీ పాట పదునెక్కింది. పాడేవాళ్ళు 'స' అన్నప్పుడల్లా చెవిలో సూది దిగినట్టుండేది. ఆయనకు మాత్రం చాలలేదు. "పైన సన్న సౌండు ఇంకా మూసుకుపోయినట్టుందయ్యా" అని ప్రతి శుక్రవారం కండెన్సర్లు మార్చేవారు. మార్చిన కొద్దీ ఆ పదును ఎక్కువైంది.

"ట్రెబుల్ ఎక్కువైందేమో సార్" అన్నాను ఒకసారి.

"మీ తెలంగాణోళ్ళకి డప్పు మోగితేగాని పాట అనిపించదు. పోయి చెవులు కడుక్కురా" అని నవ్వారు.

నేనూ నవ్వాను. తర్వాత ఒకరోజు ఆయన చేతి గడియారం సన్నగా మోగుతూనే ఉంది, ఆయన ఆపలేదు. అప్పుడు నాకు తెలిసింది. ఆయన కంప్రెసర్ల దగ్గర చెవులకు కప్పులు పెట్టుకోరు. "చెవులు మూసుకుంటే మిషన్ ఏవంటందో ఎట్టా తెలుస్తది?" అంటారు. బేరింగు పాడవబోతోందని అందరికంటే ముందు ఆయనే చెప్పేవారు. ఆ వినడంలోనే ఆయనకు సన్న శబ్దాలు వినబడకుండా పోయాయి. లావు శబ్దాలు ఉన్నాయి కాబట్టి గుర్రు వినబడింది, సూది వినబడలేదు.

కంప్రెసర్ల మీద పనిచేసేవాళ్ళకు చెవి పరీక్ష ఉంది, తప్పితే ఆ పని పోతుంది. మా ఫోర్‌మన్ దాన్ని పట్టించుకునేవాడు కాదు. వాళ్ళావిడ కాంట్రాక్టు అయ్యేదాకా ఇక్కడే ఉండి, ఇద్దరూ కలిసి ఇంటికి పోవాలని సామేలు గారి ఆశ. ఆయనకు ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తోచక వాయిదా వేస్తూ వచ్చాను.

ఈలోపు మా గదిలో ఉండే నిజామాబాద్ గంగారాం నోరు జారాడు. "సారూ, డబ్బ మంచిగనే ఉన్నది. మీ చెవులకే కొత్త కండెన్సర్లు ఎయ్యాలె" అన్నాడు. అందరం నవ్వాం. సామేలు గారే ముందు నవ్వారు. టీ కోసం వచ్చిన ఫోర్‌మన్ తలుపు దగ్గర నిలబడి ఏమిటని అడిగాడు. గంగారాం హిందీలో మళ్ళీ చెప్పాడు. ఫోర్‌మన్ కూడా నవ్వాడు. శనివారం సామేలు గారిని పరీక్షకు పంపాడు.

పరీక్షలో తప్పారు. కంపెనీవాళ్ళు వేరే పని లేదన్నారు. పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, అంటే ఇక ఇంటికి పోవాల్సిందే. సామేలు గారు జెద్దా పోయి ఆవిడను చూసి వస్తానని అడిగారు. ఒప్పుకోలేదు.

పోయిన శుక్రవారం పాత కండెన్సర్లు మాత్రల డబ్బాలో వేసుకుని వచ్చారు. "నువ్వు విను, నేను అతికిస్తా" అన్నారు. ఒక్కొక్కటే తీసి, పాతది పెట్టి, పాట వేసి అడిగేవారు.

"ఇప్పుడు?"

"ఇంకా గుచ్చుతున్నది సార్."

"ఇప్పుడు?"

"జరంత తగ్గింది."

చివరికి మెత్తబడింది. చెప్పాను.

"అబద్ధం కాదుగా?"

"కాదు సార్. మొదటి లెక్కనే ఉన్నది."

ఆయన స్పీకరు వైపు చూడలేదు. పాట అయ్యేదాకా నా ముఖమే చూస్తూ కూర్చున్నారు. "నాకు అప్పుడూ ఇట్టాగే ఉంది, ఇప్పుడూ ఇట్టాగే ఉంది" అన్నారు.

గంగారాం టీ తెచ్చి పక్కన నిలబడ్డాడు. "తప్పయింది సారూ" అన్నాడు.

"నీ జోకుకి ముందు నవ్వింది నేనే గదరా. టీలో పంచదార తగ్గింది, అది చూడు."

నేను ముందే చెబితే ఏమయ్యేదో తెలియదు. కప్పులు పెట్టుకునేవారేమో. ఆ రోజు గదిలో ఆ జోకు పుట్టకపోయేదేమో. డబ్బా ఇప్పుడు బాగా పాడుతోంది. నేనే ఎక్కువగా వెయ్యడం లేదు.

అన్నా, పెళ్ళిళ్ళలో నువ్వు మైక్‌సెట్ హారన్ల కిందే నిలబడతావు. ఒకసారి కరీంనగర్ పోయి చెవులు చూపించుకో. నవ్వి ఊరుకోకు. చూపించుకున్నాక డాక్టరు ఏమన్నాడో నాకు రాయి. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం చింతపండు పంపు.

బాపుకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలను అడిగినట్టు చెప్పు. నా మీద మీ దీవెన ఉండనీయండి.

నీ తమ్ముడు,
రాజేశం

ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం ఆలస్యమైంది. ఈలోపు సామేలు గారు ఆదివారం పొద్దున కంపెనీ బస్సులో దమ్మాం ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయారు.