మీరాబీ పిన్నికి చెప్పిన జ్వరం

మాధురీ,

రేపల్లె తుఫాను శిబిరంలో వైర్‌లెస్ రేడియోకి ఇవ్వాల్సిన బ్యాటరీ నేను పట్టుకెళ్తున్నాను. పక్కింటి శేషగిరిరావుగారి కారు అటే వెళ్తోంది. నువ్వు లేచి బయలుదేరకు. అన్నం మెత్తగా వండాను, మిరియాల చారు పొయ్యి మీద ఉంది. తిన్నాక బల్ల మీద పెట్టిన జ్వరం బిళ్ళ వేసుకో.

నాకెలా తెలిసిందంటావా? పొద్దున నువ్వు బాపట్ల మీరాబీతో రేడియోలో చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. "మూడు రోజుల నుంచి జ్వరం కాస్తోంది పిన్నీ, అమ్మకి చెబితే కదలనివ్వదు" అన్నావు. ఆవిడేమో "అయ్యో బంగారం, నా దగ్గరుంటే కాళ్ళు పట్టేదాన్ని కదే" అంది. ఫోన్లు పోయాక రేడియో ఉన్నవాళ్ళందరూ మీ మాటలే వింటున్నారు. వాడరేవులో ఎవరికో తెలిసినప్పుడే పక్క గదిలో ఉన్న నాకూ తెలిసింది. ఆవిడ మొహమైనా నువ్వు చూడలేదు, పిన్ని ఎప్పుడైంది? నాతో నోటితో చెప్పలేకపోతే ఒక ముక్క రాసి పెట్టాల్సింది. ఈ వయసులో నాకు చదవడం నేర్పింది నువ్వేగా.

అమ్మ

ఇంకో మాట. నువ్వు పడుకున్నాక ఆవిడ మళ్ళీ పిలిచింది, మందు వేసుకున్నావా అని. నీ రేడియో సెట్టు ముట్టుకోవద్దన్నావని నేను పలకలేదు. లేచాక నువ్వే చెప్పు, మా అమ్మ ఇచ్చింది, వేసుకున్నాను అని. కాస్త గట్టిగా చెప్పు. రేపల్లెలో నేను సెట్టు పక్కనే కూర్చుంటాను.