కాళ్ళు నేల మీద నిలవని తమ్ముడు

అక్కకి నమస్కారాలు.

ఈ నెల నీ దగ్గరికి రాలేను. ఈమధ్య నాకు కాళ్ళు నేల మీద ఉన్నట్టే ఉండడం లేదు. నడుస్తుంటే తేలిపోతున్నట్టుంది. కుట్టుమిషన్ తొక్కే కాలు ఆగిందో లేదో తెలియక, మొన్న పోస్టుమాస్టరు గారి చొక్కా జేబు మూతి కూడా కుట్టేశాను. వివరాలు తర్వాత.
నీ తమ్ముడు

తా.క.: పోస్టుమాస్టరు గారి భార్య నాకు థాంక్స్ చెప్పి పంపింది. ఆయనకి సిగరెట్లు పెట్టుకునే చోటు లేకుండా పోయిందట.

*

ఒరేయ్ తమ్ముడూ, దీవెనలు.

కాళ్ళు నేల మీద నిలవడం లేదా! ఈ వయసులో! ఎవర్రా ఆవిడ? మరదలు పోయాక నీ మొహాన నవ్వు చూసి ఎరగను. నేనేం అడ్డు చెప్పను, దాచకు.
మీ అక్క

తా.క.: చిన్నప్పుడు అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడేవి. ఉత్తరంలో చెవులు కనబడవనేగా నీ ధైర్యం!

*

అక్కా, నమస్కారం. ముందు నువ్వు కూర్చుని చదువు.

ఎవరూ లేరు. పాదాల్లో నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. స్పర్శ తెలియదు, తూలిపోతుంటాను. చీకట్లో మరీనూ. ఆమధ్య లైటు వేయకుండా లేచి బట్టల బీరువాని కావలించుకున్నాను. వ్యాయామం నేర్పే ఆవిడ ఇంటికొచ్చి, చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. "కిందికి కాదండీ, నా వైపు చూడండి" అంటుంది.
నీ తమ్ముడు

తా.క.: ఆవిడ రాని రోజుల్లో వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతున్నాను.

*

పెళ్ళికొడుక్కి ఆశీస్సులు!

నరాలట, నరాలు! చెయ్యి పట్టుకోవడం అయింది. కళ్ళలోకి చూడమనడం అయింది. రాకపోతే ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూడడమూ అయింది! అందరికీ చెప్పేశాను. నీ పెళ్ళికని మావయ్య కోటు నీ చేతే కుట్టించుకుంటాడట. జేబులు మాత్రం తెరిచి ఉంచమన్నాడు.
మీ అక్క

తా.క.: మీ బావగారు "నిజంగా జబ్బేమోనే" అంటున్నారు. ఆయన మాట ఎప్పుడు నిజమైంది గనక!

*

అక్కా,

ఆవిడకి ముగ్గురు పిల్లలు. భర్త గుమ్మం ముందు స్కూటరు మీద కూర్చుని హారన్ కొడుతుంటాడు. చెయ్యి పట్టుకోకపోతే పడిపోతానక్కా. నిన్న పడ్డాను కూడా. దెబ్బ తగల్లేదు గానీ, లేవలేక చాలాసేపు నేల మీదే ఉండిపోయాను. భయమేసింది. నువ్వు బెంగపడతావనే మొదట్లో సరిగ్గా రాయలేదు.
తమ్ముడు

తా.క.: మావయ్యకి కోటు కుట్టను.

*

నా బంగారు తండ్రీ,

పెళ్ళి లేదని అందరికీ చెప్పాను. ఇక నా సంగతి విను. నీ మొదటి ఉత్తరం రాకముందే ఓసారి బస్సు దిగి ఇంటికొస్తే, మీ బావగారు "రెండో చెప్పు ఏదే?" అన్నారు. ఎక్కడ జారిపోయిందో నాకు తెలియనే లేదు. చెప్పులు కుట్టేవాణ్ణి తిట్టి ఊరుకున్నాను. నువ్వు రాసినవన్నీ నాకూ ఉన్నాయిరా. నీది జబ్బని ఒప్పుకుంటే నాదీ ఒప్పుకోవాలి. అందుకే నీకు పెళ్ళి కుదిర్చేశాను.

నువ్వు పడ్డావని చదివాక ఆగలేక డాక్టరు దగ్గరికెళ్ళాను. కొడితే సన్నగా అదిరే కడ్డీ ఒకటి చూపించి, కళ్ళు మూసుకోమని, "పాదానికి తెలుస్తోందా అమ్మా?" అన్నాడు. "ముందు ఆనించండి, తర్వాత అడగండి" అన్నాను. అప్పటికే ఆనించి ఉందట.

ఆదివారం రైల్లో వస్తున్నాను. ఆవిడతో చెప్పు, ఇద్దరికీ కలిపి నేర్పమని. ఒంటరిగా భయపడింది చాల్లే.
మీ అక్క

తా.క.: స్టేషనుకి మాత్రం రాకు. ఎవరు ఎవర్ని పట్టుకోవాలో తేలక ఇద్దరం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతాం.