మా తరగతి గదిలో బాపు

శుక్రవారం, రాత్రి

కరోనా భయానికి, బొంబాయి పనుల నుంచి వచ్చిన మా బాపును ఊళ్లోకి రానివ్వకుండా మూతపడ్డ మా బడిలోనే ఉంచారు. ఇవాళ ఇంటికి పంపిస్తామన్నారు. తీసుకురావడానికి వెళ్లాను. బాపు మా తరగతి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆడనే ఆగు బిడ్డా. నా పక్కన పండుకునేటాయనకు జరమొచ్చింది. అందర్ని మళ్లా మొదటి నుంచి పద్నాలుగు రోజులు ఉండుమన్నరు."

"మరి నీకు?"

"నాకేం కాలే. గీడ నీ బెంచీ మీదనే కూసుంటున్న. నీ చదువు జర నాకు గూడ అంటుతదేమో!"

బాపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సెలవుల్లో రోజూ కొత్త మాటలు వెతికి రాసుకుంటున్నాను, బాపుకు చెప్పడానికి ఒక్కటీ తోచలేదు. "తిన్నవా?" అని మాత్రం అడిగాను. జ్వరం మనిషి పక్కన ఎన్నాళ్లు పడుకున్నాడో అడగలేదు. ఇప్పుడు అదే గుర్తొస్తోంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగింది. తర్వాత, "మీ బాపు తానానికని నీళ్లు కాగవెట్టిన. సల్లారుతయ్, నువ్వన్న పోసుకో," అంది.

పోసుకున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.