ఎర్ర లైటు వెలగలేదు

బాన్సువాడ
ఆదివారం

నీల నాయినకు ప్రేమల దండాలు పెట్టి రాస్తున్నది. నేను, నీల, అత్త ముగ్గురం మంచిగనే ఉన్నం. నువ్వు గూడ ఆ ఎండలకు ఓర్చుకోని, యాళ్లకు తింటున్నవనే అనుకుంటున్న.

నీ ఉత్తరం రాము బావ తెచ్చి ఇచ్చిండు. దినాం ఫోన్ల మాట్లాడుకుంటున్నం గద, మల్ల ఉత్తరమెందుకని అనుకున్న. చదివినంక తెలిసింది. నీ రూంల అందరి నడుమ కొన్ని మాటలు అడగరావు. నాకు గూడ గంతే, ఫోన్ పడితె అత్త పక్కకు వచ్చి కూసుంటది. రాము బావ సెలవు అయిపోయి మల్ల మస్కట్ వస్తుండు గద, ఆయన చేతికే ఇది ఇస్తున్న. ఒక్కనివే ఉన్నప్పుడు చదువు.

అడిగినవాటికి ముందుగాల జవాబు చెప్త. అత్త మోకాలి నొప్పి తగ్గింది. దవాఖానల సూది ఏసినంక బజారు దాకా నడుస్తుంది. నీల లెక్కలు మంచిగ చేస్తుంది గని హిందీ అంటె ముఖం తిప్పుకుంటది. నువ్వు పంపిన బూట్లు దాని కాలికి పెద్దగైనయ్. ముందర బట్ట కుక్కి అవ్వే తొడుక్కోని పోతుంది, దాస్తనంటె ఇంటలేదు. కాల్వ నీళ్లు ఇడిసిండ్రు. మన నాట్లు సగమైనయ్, సగం కాలె.

ట్రాక్టర్ ఇంజన్ మల్ల నడుస్తుందా, ఇన్నేండ్ల సంది మన బండి నడిపిన భిక్యన్న ఒక్క మాటకు పని ఎందుకు మానుకున్నడు అని అడిగినవ్. ఇంజన్ నడుస్తుంది. భిక్యన్న సంగతికి జవాబు రాసుడే నాకు కష్టంగున్నది.

నీకు ఫోన్ల ఏం చెప్పిన? నాట్లకు పొలం దమ్ము చేస్తుంటె ఇంజన్ పట్టేసింది, భిక్యన్న ఆయిల్ చూసుకోలేదు, నేను ఒక మాటంటె రోషపడి పోయిండు అని చెప్పిన. నువ్వు "భిక్యన్న ఆయిల్ చూసుకోకపోవుడేంది" అని ఊకున్నవ్. నువ్వు నమ్మలేదని నాకు గప్పుడే సమజైంది. అయినా నేను మాట మార్చి నీల సంగతి ఎత్తుకున్న.

అసలు జరిగింది ఇది. ఇంజన్ పక్కకు ఆయిల్ ప్రెషర్ సెన్సార్ ఉంటది గద, దాని కాడ ఆయిల్ చెమ్మ కారుతుందని భిక్యన్ననే కనిపెట్టిండు. నీళ్లు ఇడిసేటి దినాలైనయ్, ముందుగాలనే మంచిగ చేపిచ్చుకోవాలని ట్రాక్టర్ తీస్కపోయి మెకానిక్ చందర్ షెడ్డుల పెట్టిండు. చుట్టాలింట్ల పనుంటె ఆడికెల్లి పిట్లం బస్సెక్కి పోయిండు. నేను నీల బడికి పోయి, వచ్చేటప్పుడు షెడ్డు కాడ ఆగిన.

చందర్ పాతది ఇప్పి కొత్త సెన్సార్ పెడుతుండు. అది బిగుసుకుంటలేదు, ఎంత తిప్పినా ఊరికెనే తిరుగుతుంది. నన్ను పిలిచి టార్చి ఏసి చూపిచ్చిండు. ఇంజన్ రంధ్రంల మరలు అరిగి నున్నగైనయ్. ఆయిలంత దించి, రంధ్రం కొంచెం పెద్దగ కోసి, కొత్త మరలున్న బుష్ లోపలికి ఎక్కియ్యాలన్నడు. కోసిన ఇనుప పొట్టు లోపల ఉండొద్దు, కడగాలె, రెండు మూడు దినాలు ట్రాక్టర్ ఈడనే ఉండాలన్నడు.

మన పొలానికి నీళ్లు అందే దినాలు. నాటేసే ఆడోళ్లకు మాటిచ్చి ఉన్న. వాళ్లు ఇంకో దిక్కు పోతె మల్ల దొరుకరు. ఎట్లన్న జేసి ఇప్పటికి నిలబెట్టు అన్న. నల్లా పైపులకు చుట్టే తెల్ల టేపు దట్టంగ చుట్టి బిగిస్తె నిలుస్తది గద అని నేనే అడిగిన.

చందర్ ఒప్పుకోలే. "అక్కా, టేపు చుడితె కారుడు ఆగుతది. గని గీ సెన్సార్ ఇంజన్ ఇనుముకు తగిలితెనె లైటు వెలుగుతది. నడుమ టేపు వస్తె, ఆయిల్ మొత్తం పోయినా నీకు ఎర్ర లైటు రాదు" అన్నడు. నేను ఇంటలేనని చూసి చుట్టి బిగించిండు. భిక్యాకు మాత్రం తప్పకుంట చెప్పుమన్నడు. గంట గంటకు ఆపి ఆయిల్ చూసుకోవాలె, నాట్లు కాంగనే బండి మల్ల తేవాలె అన్నడు. చెప్తనని తలూపిన.

చెప్పలే. చెప్తె భిక్యన్న బండి పొలంల దించకపోతుండె. నీకు తెలుసు ఆయన సంగతి.

ఇగ నేను నీకు ఫోన్ల చెప్పలేని మాట. మాపటికి షెడ్డు పోరడు బండి తెచ్చి మన వాకిట్ల పెట్టి పోయిండు. తెల్లారి భిక్యన్న చాబీ తిప్పిండు. ఆయిల్ కడ్డీ తీసి చూసుకున్నడు, నిండుగనే ఉంది. నేను వాకిట్లనే నిలబడి ఉన్న. మల్ల నన్ను పిలిచి అడిగిండు. "చెల్లె, చాలు చేసే ముందు ఎర్ర లైటు ఒకసారి వెలగాలె గద, వెలుగుతలేదేంది? చందర్‌ను అడుగుదామా?"

నేను ఏమన్ననో తెలుసా? కొత్త రకం సెన్సార్ పెట్టిండన్నా, గిది గట్లనే ఉంటదట, ఆయిల్ తక్కువైతెనే వెలుగుతదట, చందరే చెప్పిండు అన్న. అబద్ధం ముందుగాల అనుకోని పెట్టుకున్నట్టు నోట్లకెల్లి వచ్చింది. ఆయన "అట్లనా" అని బండి తీసిండు. నా మాట మీదనే తీసిండు.

దమ్ముల బండి అదురుడుకు సెన్సార్ ఎప్పుడు వదులైందో తెల్వదు. ఆయిలంత బురద నీళ్లల్ల కలిసిపోయింది. లైటు వెలగలే. ఇంజన్ ఒక్కసారి గట్టిగ మొత్తుకోని ఆగిపోయింది. చుట్టు పొలాలోళ్లంత ఉరికొచ్చిండ్రు, నాటేసేటోళ్లు ఒడ్డెక్కిండ్రు. అందరు నా ముఖం దిక్కు చూస్తుంటె నేను, "ఆయిల్ చూసుకోకుంట ఎట్ల నడిపినవ్ భిక్యన్నా" అన్న.

ఆయన నా దిక్కు చూసిండు. ఒక్క మాట అంటె అయిపోతుండె, నువ్వే గద చెప్పినవ్ అని. అనలే. కాళ్ల బురద కాల్వల కడుక్కోని, చాబీ నా చేతుల పెట్టి పోయిండు.

నాటు దినాలల్ల ఇంజన్ కాల్చిన డ్రైవర్ అని పేరొచ్చింది. నస్రుల్లాబాద్ దిక్కు గూడ ఒక్కరు పనికి పిలవలే. పెండ్లాం కమ్లక్క తోటి చెరుకు కొట్ట పోతుండని ఇన్న. నేను గది ఇని గూడ ఊకున్న.

ఇట్లుండంగ కోటగిరి నుంచి సంజీవ్ అనే రైతు మనింటికి వచ్చిండు. భిక్యాను డ్రైవర్‌గ పెట్టుకుందామనుకుంటున్న, మనిషి ఎట్లాంటోడు అని అడిగిండు. అత్తకు ఏం తెలుసు పాపం, "ఇంజన్ కాల్చిపెట్టిండు, మీ ఇష్టం" అన్నది. నేను నీళ్ల చెంబు పట్టుకోని ఆడనే ఉన్న. ఆయన నీళ్లు తాగి, ఇంకోన్ని చూసుకుంట అని లేచిండు. బండి సప్పుడు ఇనబడకుంట పోయేదాంక నేను ఆ చెంబు కింద పెట్టలే.

తెల్లారి ఆటోల భిక్యన్న వాళ్ల తండాకు పోయిన. భిక్యన్న, కమ్లక్క పనికి పోవ బయిల్దేరుతుండ్రు. ఇద్దరి ముందట అంత చెప్పిన, లైటు సంగతి, టేపు సంగతి. కమ్లక్క వాళ్ల లంబాడి మాటల ఆయనతో ఏందో అని, మల్ల నా దిక్కు తిరిగి తెలుగుల అన్నది. "మాట పడ్డది పొలంల, అందరి ముందట. మా ఇంటికొచ్చి చెవిల చెప్తె ఎట్లమ్మా?"

భిక్యన్న తలకాయ వంచుకోనే చెప్పిండు. "మస్కట్‌కెల్లి దేవిదాస్ ఫోన్లు చేస్తుండు చెల్లె. నేను ఎత్తుతలేను. ఎత్తితె నీ పేరన్న చెప్పాలె, వానితోటి అబద్ధమన్న చెప్పాలె."

ఆడికెల్లి చక్కగ చందర్ షెడ్డుకు పోయిన. నాట్ల దినాలు గద, చుట్టుపక్కల బండ్లన్ని పొద్దున్నె ఆడనే ఉంటయ్. రైతులు, డ్రైవర్లు చాయ్ తాగుతుండ్రు. టేపు చుట్టుమన్నది నేను, లైటు గురించి అబద్ధం చెప్పింది నేను, భిక్యన్న తప్పు లేదు అని అందరు ఇనేటట్టు చెప్పిన. చందర్ పానా కింద పెట్టి, నేను గూడ ఆ టేపు చుట్టొద్దుండె అన్నడు. కోటగిరి బస్సెక్కి సంజీవ్‌కు గూడ చెప్పొచ్చిన.

ఇంటికొచ్చి అత్తకు గూడ చెప్పిన. "నా నోటితోటి గూడ అనిపిచ్చినవ్ గదనే" అన్నది. ఇప్పటిదాంక నాతోటి సరిగ్గ మాట్లాడుతలేదు.

చందర్ ఈసారి పట్టేసిన ఇంజన్ ఇప్పి బాగుచేసి, మరలు కోసి, బుష్ ఎక్కిచ్చి సెన్సార్ బిగించిండు. భిక్యన్నను మల్ల రమ్మని అడిగిన. రానన్నడు. ఇప్పుడు ఆయన సంజీవ్ కాడ బండి నడుపుతుండు. "కోపం కాదు చెల్లె" అన్నడు. "మల్ల మీ బండెక్కితె, నువ్వు ఏం చెప్పినా నేను దిగి చూసుకోవాలె. గట్ల నాకు మీ ఇంట్ల పని చెయ్యరాదు."

గా మాట ఇనొచ్చిన కాడికెల్లి నాకు ఏ పని మీద మనసు పడుతలేదు. నువ్వు తిట్టినా పడ్త. ఉత్తరం చదివినంక నాకు ఫోన్ చెయ్యకు, ముందుగాల భిక్యన్నకు చెయ్యి.

ఇట్లు,
నీ నీల వాళ్లమ్మ,
ప్రేమల