మట్టికి ఎన్నేళ్లు

జూన్ 4, ఉదయం 7

అక్వేరియంలో మొక్కలు పసుపెక్కి పండిపోతున్నాయి. ముదురాకులు ముందు. ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినదాన్ని, నీళ్లు మార్చడం తప్ప నాకేమీ తోచడం లేదు.

ఆ తొట్టి పెట్టింది వదిన, మావారి అక్క. మొగుళ్లు పోయాక ఇద్దరం ఒకే ఫ్లాట్‌లో తొమ్మిదేళ్లు పోట్లాడుకుంటూ బతికాం. ఆవిడ పోయి పదహారు నెలలు. ఇప్పుడు పోట్లాటకి చేపలే దిక్కు. నోరు తెరుస్తాయి గానీ జవాబివ్వవు.

జూన్ 5

ఫోటో తీసి మనవరాలికి పంపాను. బొటనవేలి బొమ్మ పంపింది.

జూన్ 9

చేపల షాపతను వచ్చి చూశాడు. అడుగున పరిచిన సాయిల్‌లో సత్తువ ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లేనట, ఆ తర్వాత వట్టి మట్టేనట. అంతా ఎత్తిపోసి కొత్తది వేద్దామన్నాడు. గాజు మీద వదిన మార్కర్‌తో రాసిన తేదీ చూశాను. రెండేళ్ల నాలుగు రోజులు. గడువు దాటిన సరుకు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆలోచించి చెప్తానన్నాను.

జూన్ 10

ఆ మట్టి వదిన మోకాళ్ల నొప్పితో కింద కూలబడి గరిటెతో పరిచింది. నా మంచి గరిటె. తీసేస్తే ఆవిడ చేతిపని ఇంట్లో ఇంకేమీ మిగలదు. ఉంచితే మొక్కలు మిగలవు.

అయినా ఆవిడ మీద నాకంత ప్రేమేం కారిపోవడం లేదు. బీపీ మందు వేసుకున్నావా అని రోజూ అడిగేదాన్ని. వేసుకున్నానే మహాతల్లీ, నాలుక చూపించమంటావా అనేది. పోయాక బీరువాలో బీపీ మందు సీసా దొరికింది. నిండా గుళికలు, యాభైమూడు. మెదడులో నరం చిట్లిందంటే చిట్లదూ మరి! రోజూ నా మొహం మీదే అబద్ధం. ఆ సాయంత్రమే ఆవిడ ఫోటో గోడకేసి తిప్పాను. అలాగే ఉంది. మనవరాలు అడిగితే ఎండకి రంగు పోతుందని చెప్పాను.

జూన్ 14, మధ్యాహ్నం 3

షాపుకి వెళ్లి, మట్టి తీయనని చెప్పాను. అయితే ఎత్తక్కర్లేదు మేడమ్, రెండు మూడు నెలలకోసారి మొక్కల వేళ్ల దగ్గర ఎరువు గుచ్చితే ఆ మట్టే ఇంకొన్నాళ్లు వస్తుందన్నాడు. డబ్బాలోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. గోధుమరంగు గుళిక, లోపల ఎరువు పొడి. మీ వదినగారు ముందే కొనిపెట్టుకున్నారుగా, డబ్బా మూత పగిలితే తన ఖాళీ మందు సీసాలో పోయించుకున్నారు అని నవ్వాడు.

కుర్చీ ఉందా అని అడిగాను.

సాయంత్రం 5

సీసా తీశాను. అవే. ఒకటి విప్పితే బురద వాసన. ఆవిడ పోయినప్పుడు లేబుల్ చదివాను, లెక్కపెట్టాను, ఒక్కటీ విప్పి చూడలేదు. కళ్లతో చూడనిది రికార్డులో రాయొద్దని స్టూడెంట్లకి మాత్రం తెగ చెప్పేదాన్ని.

ఆవిడ మందు వేసుకుంటూనే ఉంది. వేసుకుంటూనే పోయింది.

జూన్ 15

మోచేతి దాకా ముంచి, మొక్కకొకటి గుచ్చాను. పన్నెండు. మట్టి వేళ్ల మధ్య నలిగింది గానీ గుళికని పట్టుకుంది. ఫోటో ఇటు తిప్పాను.

జూలై 20, ఉదయం 8

కొత్త ఆకు. నా బీపీ మందు వేసుకుని, ఫోటోకి నాలుక చూపించాను.